ఒంటి గేదె పాలు

మొన్న కొత్తగా ఉద్యోగంలో చేరిన పశువైద్యుల శిక్షణ తరగతికి నన్ను పిలిచారు. రిటైరైన వాళ్లని పిలవడంలో ఒక సుఖముంది. ఒక శాలువా కప్పితే చాలు, భోజనాల దాకా మేం ఆపకుండా మాట్లాడతాం. గొంతువాపు గురించీ గాలికుంటు గురించీ చెబుదామని కాగితాలు సిద్ధం చేసుకుని వెళ్లాను. అంతా అయిపోయాక వెనక వరసలోంచి ఒకమ్మాయి లేచి, "మేడం, జన్యుమార్పిడి పంటలు తింటే మనుషులకి ప్రమాదమా, కాదా? మా ఊళ్లల్లో రైతులు అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?" అంది.

నేను మైకు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పెద్దావిడ అలిసిపోయిందనుకుని నిర్వాహకులు చప్పట్లు కొట్టించేశారు. మాకు వయసు ఇచ్చే సౌకర్యాల్లో ఇదొకటి. కానీ ఆ అమ్మాయి చప్పట్లు కొట్టలేదు. నావైపే చూస్తూ కూర్చుంది. ఆమె కోసమే ఇది రాస్తున్నాను. ఇది ఆమె ప్రశ్నకి జవాబు అవునో కాదో చదివాక మీరే చూసుకోండి.

అప్పుడు నేను దర్శికి అవతల ఒక ఊళ్లో పశువుల డాక్టర్ని. పొగాకు కాల్చే బ్యారన్లూ పత్తి చేలూ మిర్చి కల్లాలూ కలిసి ఉండే ప్రాంతం. నాకు ఒక అసిస్టెంటు ఉండేవాడు. నాకంటే పెద్దవాడు, గేదెలతో కూడా పరాచికాలాడే మనిషి. సూది వేసే ముందు "ఏవమ్మా, అత్తగారింటికి పోదామా" అని దాని చెవిలో చెప్పేవాడు. అది నిజంగా నవ్వినట్టే మెడ తిప్పేది. నా సర్వీసులో ఆయన ముఖంలో నవ్వు లేని రోజు ఒక్కటే చూశాను. నేను చెప్పబోయేది ఆ రోజు సంగతే.

ఎండాకాలం చివర, విత్తనాలు వేయడానికి ముందు రోజులు. ఆ ఏడు ఎక్కడ విన్నా గడ్డి మందు పత్తి అనే మాటే. తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. మన చేలల్లో పత్తి ఎప్పుడో జన్యువు మార్చిందే, కాయపురుగుని తట్టుకునే రకం. దానికి అనుమతి ఉంది. దాని గింజల నూనె మనం కొనుక్కునే కారప్పూస పొట్లాల్లోకీ, నూనె తీసిన చెక్క మన గేదెల దాణాలోకీ ఏళ్ల తరబడి వస్తూనే ఉంది. గడ్డి మందు పత్తి వేరే రకం. చేను మొత్తం మీద కలుపు మందు కొడితే గడ్డి మాడిపోతుంది, పత్తి మొక్క మాత్రం నిలబడుతుంది. దానికి అనుమతి లేదు. కలుపు తీయడానికి మనుషులు దొరక్క నెత్తి పట్టుకుని కూర్చున్న రైతుకి అనుమతి సంగతి ఎందుకు? పేరూ ఊరూ లేని సంచుల్లో ఆ విత్తనం చేతులు మారుతూ వచ్చేది. దాన్ని ఎవరు తయారు చేశారో, ఏం చేసి సంచిలో పోశారో అడిగేవాడు లేడు. అడిగినా చెప్పేవాడు లేడు.

టీవీలో రోజూ దీని మీదే చర్చ. ఒకాయన ఆ జన్యువు తిండిలోంచి ఒంట్లోకి ఎక్కుతుందనీ, ఎక్కితే ఇక దిగదనీ, పుట్టబోయే పిల్లల్ని కూడా వదలదనీ గుండెలు బాదుకునేవాడు. ఇంకొకాయన ఇదంతా పుకారనీ, కావాలంటే గింజలు ఇక్కడే నములుతాననీ బల్ల గుద్దేవాడు. "నమలమనండమ్మా, మన గేదెలకి తోడుంటాడు" అనేవాడు మా అసిస్టెంటు. మేం నవ్వుకునేవాళ్లం. కానీ ఊళ్లో జనం నవ్వేవాళ్లు కాదు. పాలకేంద్రంలో పాలు పోయడానికి వచ్చిన ఆడవాళ్లు ఆ మాటలే గుసగుసగా మాట్లాడుకునేవాళ్లు. మనకి అర్థం కాని మాట టీవీలో పదిసార్లు వినిపిస్తే, దయ్యం కథ విన్నట్టే ఉంటుంది.

మండల వ్యవసాయాధికారి కుర్రాడు. పైవాళ్లకి భయపడి సోదాలు మొదలుపెట్టాడు. జీపు ఊళ్లోకి వస్తోందని తెలియగానే విత్తనాల సంచులు వరిగడ్డి వాముల్లోకీ, మంచాల కిందికీ, ఆవకాయ జాడీల్లోకీ వెళ్లిపోయేవి. అతను దొరకని విత్తనం కోసం తిరిగి తిరిగి మా ఆసుపత్రికొచ్చి మంచినీళ్లు తాగి, "మేడం, ఈ ఊళ్లో అసలు పత్తి పండిస్తారా?" అని నిట్టూర్చేవాడు.

అలాంటి రోజుల్లో ఒక ఉదయం ఫోనొచ్చింది. గేదె పడిపోయింది, వెంటనే రమ్మన్నారు. అసిస్టెంటు బండి తీశాడు.

ఊరి చివర ఇల్లు. నాలుగెకరాల మిర్చి, కొంత పత్తి ఉన్న కుటుంబం. ఇంటాయన మిర్చి అమ్మడానికి గుంటూరు యార్డుకి పోయి అప్పటికి రెండ్రోజులైంది. ఇంట్లో ఆయన భార్య, పురిటికొచ్చిన కూతురు ఉన్నారు. గేదె పాకలో పక్కకి ఒరిగిపోయి ఉంది. నోట్లోంచి చొంగ తీగలు తీగలుగా కారుతోంది. చర్మం కింద కండలు ఉండుండి అదురుతున్నాయి. టార్చి వేస్తే కంటిపాప సన్నటి గీతలా ముడుచుకుపోయి ఉంది. పేడ నీళ్లలా పోతోంది. మా చదువులో పదే పదే వచ్చే బొమ్మ ఇది, పురుగుమందు కడుపులోకి పోయిన పశువు. వెంటనే దానికి విరుగుడు, అట్రోపిన్ సూది మొదలుపెట్టాను.

"ఏం పెట్టారమ్మా దీనికి?" అని అడిగాను.

"రోజూ పెట్టేదేనమ్మా. తవుడు, ఎండు చొప్ప, పత్తి గింజలు నానేసి రుబ్బింది. మందు కొట్టిన చేలోకి కూడా తోలలేదు. కట్టుగొయ్య దాటలేదు నా తల్లి" అంది ఇంటావిడ. "పాలు ఇంకాస్త దిగితయ్యని మొన్నట్నించి ఇంకో దోసెడు గింజలు ఎక్కువేశా. ఈసారి గింజలు కూడా మంచియ్యి తెచ్చాడు మీ అన్న. నున్నగా, గట్టిగా ఉన్నయ్యి."

ఆ మాట నా చెవిన పడింది కానీ బుర్రకెక్కలేదు. నేను సూది మీద ఉన్నాను. అప్పుడే మా అసిస్టెంటు మెల్లగా, "అమ్మా, ఒకసారి ఇటు చూడండి" అన్నాడు. గొంతులో పరాచికం లేదు.

పాక మూల దూడ పడుకుని ఉంది. దాని నోట్లోంచి కూడా చొంగే. తల నేలకి ఆనించి, ఒళ్లంతా అదురుతోంది. నేను దాని నోరు తెరిచి చూశాను. ఇంకా గడ్డి పరక ముట్టని దూడ. దాణా ఎరగదు. అది తాగేది తల్లి పాలు తప్ప ఇంకేం లేదు.

నేను లేచి నిలబడి, ఎంత మామూలుగా అడగగలనో అంత మామూలుగా అడిగాను. "ఈ గేదె పాలు ఎవరు తాగుతున్నారమ్మా?"

"మిగిలినయ్యి కేంద్రంలో పోస్తాం. పిల్లకి మటుకు ఇదే" అని ఆవిడ వసారాలో చీర ఉయ్యాల వైపు చూపించింది. "అమ్మాయికి పాలు పడలేదమ్మా. పసిపిల్లకి పది గేదెల పాలు కలిసినయ్యి పడతయ్యా? ఒంటి గేదె పాలే పట్టాల గదా. పుట్టినకాణ్ణించీ దీని పాలే."

ఈ ఒంటి గేదె పాల సంగతి మీలో పట్నంలో పెరిగిన వాళ్లకి తెలియకపోవచ్చు. మా వైపు పసిపిల్లలకి ఒకే గేదె పాలు పడతారు. కలిసిన పాలు కడుపుకి పడవని నమ్మకం. దాని కోసం ఒక గేదెని ప్రత్యేకంగా చూసుకుంటారు, దానికి మంచి దాణా పెడతారు. ప్రేమతో చేసే పని. పాలకేంద్రంలో పోసిన పాలల్లో ఏదన్నా ఉన్నా ఊరందరి పాలల్లో కలిసి పలచబడిపోయి ఉంటుంది. ఈ పిల్లకి మాత్రం పలచన చేసేవాళ్లు లేరు. ఆ గేదె ఏం తిందో అదంతా ఈ ఉయ్యాలలోకే వచ్చింది.

"పొద్దుట్నించీ బుద్ధిగా నిద్రపోతందమ్మా. ఏడుపే లేదు" అంది బాలింత, మెచ్చుకోలుగా.

నేను పశువుల డాక్టర్ని. మనిషి బిడ్డని చూడటానికి నాకు అర్హత లేదు, చట్టం కూడా ఒప్పుకోదు. చేతులు కడుక్కుని ఉయ్యాల చీర విడదీశాను. పాప గడ్డం కింద బట్ట తడిసిపోయి ఉంది. ఒళ్లు వేడి. కనురెప్ప ఎత్తి చూశాను. ఆ చిన్న కంటిపాప ఆవగింజంత కూడా లేదు. ఇందాక గేదె కంట్లో చూసిందే. ఇన్నేళ్లలో నేను చూసినన్ని చావులు మీరింకా చూసి ఉండరు. కానీ అంత భయం నాకెప్పుడూ వేయలేదు.

"దర్శి పోదాం పదండి. ఇప్పుడే. ఆ పాలు ఇంక ఎవరూ ముట్టుకోవద్దు" అన్నాను. గట్టిగా అరిచానట. నాకు గుర్తులేదు, తర్వాత మా అసిస్టెంటు చెప్పాడు. దూడకి కూడా సూది వేసి గేదె దగ్గరే ఉండమని ఆయనకి చెప్పాను. వెళ్లబోతూ దూడ పక్కన ఆగాను. తల్లి వేసిన పేడలో నల్లగా ఏవో మెరుస్తుంటే పుల్లతో కదిపి చూశాను. మా వృత్తిలో సగం పేడ చూడటమే, సిగ్గుపడాల్సింది లేదు. సరిగా నలగని పత్తి గింజల పొట్టు. గేదెలకి పెట్టే గింజ మిల్లులోంచి తెల్లటి నూగుతో వస్తుంది. ఇవి నూగు లేకుండా నల్లగా, నున్నగా ఉన్నాయి. నూగు తీసేది విత్తనానికి మాత్రమే. రెండు పొట్టు ముక్కలు కాగితంలో చుట్టుకుని ఆటో ఎక్కాను.

దారంతా బాలింత పిల్లని ఒళ్లో వేసుకుని ఏడవకుండా కూర్చుంది. అమ్మమ్మ మాత్రం, "నాక్కూడా నిన్నట్నించి కడుపులో దేవుతంది, ఎండదెబ్బ అనుకున్నా" అని ఒకసారి అంది. ఆవిడ చేతులు చూశాను. ఆ గింజలు నానేసింది, రుబ్బింది, పిండి కలిపింది ఆ చేతులే. పాపకి పాలు పట్టిందీ ఆ చేతులే. ఆ మాట నేను పైకి అనలేదు.

దర్శిలో పిల్లల డాక్టరు మంచి మనిషి, నిదానస్తుడు. ఆయన పాపని చూసి మెదడువాపు అయ్యుండొచ్చన్నాడు. జ్వరం ఉంది, మగత ఉంది, ఎండాకాలం. నేను గేదె సంగతి, దూడ సంగతి చెప్పాను.

"మేడం, పురుగుమందే అని ఖాయమైతే ఈ నిమిషంలో విరుగుడు ఎక్కిస్తాను. కాకపోతే ఈ జ్వరంలో ఆ మందు పిల్లని తీసుకుపోతుంది. గేదె ఏం తిందో చెప్పండి."

"విత్తనాలు తింది అనుకుంటున్నాను. నా దగ్గర పొట్టు తప్ప ఇంకేం లేదు."

"ఏం విత్తనాలు? వాటికి ఏం పూశారు?"

ఇంటావిడకి తెలియదు. తెలిస్తే గిస్తే ఆమె భర్తకి తెలియాలి. ఆయన గుంటూరు నుంచి బయల్దేరాడు, బస్సులో ఉన్నాడు. డాక్టరు సెలైను పెట్టి, పాప ఊపిరి వింటూ కూర్చున్నాడు.

ఇంతలో ఆసుపత్రి వాకిలి నిండిపోయింది. ఊళ్లోంచి జనం వచ్చారు. గేదె పడిందని, దూడ పడిందని, పిల్ల పడిందని కబురు పాకిపోయింది. గడ్డి మందు పత్తి తిన్నదంట, జన్యువు ఎక్కిందంట అని ఎవరో అన్నారు. ఇంకాసేపటికి ఊరంతా తాగిన పాలల్లో జన్యువు ఉందన్నారు. ఆడవాళ్లు తమ పిల్లల నుదుళ్లు పట్టుకుని చూడటం మొదలుపెట్టారు. ఒకావిడ తన కొడుకు నోట్లో వేలు పెట్టి అక్కడే వాంతి చేయించింది. సెల్‌ఫోను పట్టుకున్న విలేకరి ఒకడు వచ్చి, "ఎక్కితే దిగదు అంటున్నారు, నిజమేనా మేడం?" అని నా ముఖం మీద పెట్టాడు. వ్యవసాయాధికారి కూడా వచ్చాడు, చెమటలు కక్కుతూ. ఎవరిని చూసి ఎవరు భయపడుతున్నారో తెలియడం లేదు.

రైతు బస్సు దిగి నేరుగా వచ్చాడు. యార్డులోని మిర్చి ఘాటు ఇంకా బట్టల్లో ఉంది. లోపలికి రాలేదు. గోడకి ఆనుకుని జనం మాటలు వింటూ నిలబడ్డాడు. నేను బయటికెళ్లి కాగితం విప్పి చూపించాను.

"ఏం పెట్టావయ్యా గేదెకి?"

ఆయన పొట్టు వైపు చూశాడు. వ్యవసాయాధికారి వైపు చూశాడు. "నాకేం తెలుసమ్మా. నేను ఊళ్లో లేను" అన్నాడు.

"లోపల నీ మనవరాలు ఉంది."

ఆయన నన్ను మెట్ల పక్కకి తీసుకెళ్లాడు. గొంతు బయటికి రాకుండా అన్నాడు. "చెప్తే ఏమయిద్దమ్మా? అది ఒంట్లోకి ఎక్కితే దిగదంట గదా. నెత్తుట్లో కలిసిపోయిద్దంట. దానికి మందే లేదంట. టీవీలో నేనూ చూశా. చెప్పినా పిల్ల దక్కదు. నేను జైలుకి పోతా. నేను గూడా పోతే వీళ్లని చూసేదెవరు?"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్లు మండిపోయింది. ఆయన మీద కాదు. రోజూ టీవీలో అరుచుకునే ఆ ఇద్దరి మీద, వాళ్లని చూసి నవ్వుకున్న మా మీద. ఈ మనిషి మనవరాల్ని చంపుకోవాలనుకోవడం లేదు. బతికించే దారి లేదని నమ్మి నోరు మూసుకున్నాడు.

"గింజ లోపలి సంగతి నాకు తెలియదు" అన్నాను. "గింజ పైన సంగతి చెప్పు. పూత ఉందా?"

"ఎర్రరంగు ఉంది."

"మరి నాకు నల్లగా ఎందుకు కనపడ్డాయి?"

"జీపు వస్తందన్నారు. ఎర్రగా ఉంటే దొరికిపోతానని కడిగేశా. నీళ్లు తేటగా వచ్చిందాకా కడిగానమ్మా. ఆరబెట్టి గేదెల గింజల బస్తాలో కలిపా. యార్డు నించి వచ్చాక జల్లెడేసి ఏరుకుందామనుకున్నా. మా ఇంటిదాంతో చెప్పలా. ఆడాళ్ల నోట్లో మాట ఆగదని చెప్పలా." ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "రంగు పోయిందిగా అమ్మా. రంగు పోతే ఇంకేముండిద్ది?"

పురుగు ముట్టకుండా విత్తనానికి మందు పట్టిస్తారు. అది తినేది కాదని మనిషికి తెలియడానికి ఆ మందులో రంగు కలుపుతారు. ఆయన ఒళ్లు దాచుకోకుండా ఎండలో కూర్చుని కడిగింది ఆ హెచ్చరికని. విషం చాలావరకు గింజలోనే ఉండిపోయింది.

"రంగు వేరయ్యా, మందు వేరు! మందయితే విరుగుడు ఉంది. పద లోపలికి, ఇదే మాట డాక్టరుతో చెప్పు."

ఆయన కదల్లేదు. విరుగుడు ఉందన్న మాటని నమ్మాలా వద్దా అని నా ముఖంలో వెతుక్కుంటున్నాడు. తర్వాత వ్యవసాయాధికారి పక్కనుంచే, అతన్ని చూడనట్టుగా లోపలికి నడిచి, అందరూ వింటుండగా చెప్పాడు. అధికారి కుర్రాడు తల దించుకున్నాడు.

డాక్టరు వింటూనే లేచాడు. "ఏ మందో సంచి మీద రాసి ఉందా?"

"సంచి మీద ఏం లేదయ్యా. తెల్ల సంచి."

డాక్టరు నావైపు తిరిగాడు. "మీ గేదెకి మీరిచ్చింది పనిచేసిందా?"

నా చదువులో, నా ఉద్యోగంలో నన్ను అడిగిన ప్రశ్నలన్నిట్లో అదే పెద్దది. మా అసిస్టెంటుకి ఫోను చేశాను. "చొంగ తగ్గిందమ్మా. అదురు తగ్గింది. మెడ ఎత్తి నీళ్లకి చూస్తంది" అన్నాడు. ఆగి, "దూడ పోయిందమ్మా" అన్నాడు. నేను డాక్టరుకి మొదటి మాటే చెప్పాను. రెండోది గొంతులోనే ఉండిపోయింది, పక్కన పాప తల్లి నిలబడి ఉంది.

ఆయన అట్రోపిన్ మొదలుపెట్టాడు. పిల్ల బరువుకి లెక్కకట్టి, చుక్కలు చుక్కలుగా. మేమందరం ఆ చిన్న కన్ను వైపే చూస్తూ నిలబడ్డాం. చాలాసేపు ఏమీ మారలేదు. జ్వరం ఇంకా పెరిగింది. డాక్టరు నుదుటి మీద చెమట పట్టింది. నేను చెప్పింది తప్పయితే? గేదెకి పనిచేసిందని పిల్లకి ఇప్పించానే. ఇంకాసేపటికి ఆయన టార్చి వేసి, రెప్ప ఎత్తి, "చూడండి" అన్నాడు. కంటిపాప విచ్చుకుంటోంది. పొద్దు వాలకముందే పాప ఏడ్చింది. బాలింత అప్పుడు కూలబడి ఏడ్చింది. పిల్లని ఒంగోలు పెద్దాసుపత్రికి పంపారు. అక్కడ కొన్నాళ్లుంచి ఇంటికి పంపారు.

విషం పాలల్లోంచి ఎంత పోయిందో, అమ్మమ్మ చేతుల్లోంచి ఎంత పోయిందో ఎవరూ తేల్చలేదు. ఆవిడ మాత్రం తేల్చుకుంది. ఆ తర్వాత నేను ఎప్పుడు వెళ్లినా కుళాయి దగ్గరే కనపడేది, సబ్బుతో చేతులు రుద్దుకుంటూ. మిగిలిన విత్తనాలు రైతే తీసుకెళ్లి అధికారికి అప్పగించాడు.

ఇక్కడితో కథ అయిపోయిందనుకున్నాను. ఊరు అనుకోలేదు. మందు అని డాక్టరు చెప్పాడు, నేను చెప్పాను, విన్నారు. కానీ జన్యువు అనే మాట అప్పటికే అందరి ఇళ్లల్లో చేరిపోయింది. ఊళ్లో పాలు తాగడం మానేశారు. కేంద్రంలో పోసిన పాలు పక్క ఊళ్ల వాళ్లు వద్దంటున్నారని క్యాన్లు వెనక్కి వచ్చాయి. పెరుగు కుండలు దొడ్లో బోర్లించారు. నన్ను దారిలో ఆపి, "మా వాడు గూడా తాగాడు, పెద్దయినాక ఏమన్నా అయిద్దా?" అని తల్లులు అడిగేవాళ్లు. కాదని చెబితే నమ్మేవాళ్లు కాదు, తెలియదంటే ఇంకా భయపడేవాళ్లు.

పైనుంచి కబురొచ్చింది. ఆ గేదె పాలు పరీక్షకి పంపితే పురుగుమందు ఆనవాళ్లు లేవని తేలింది, ఊళ్లో సమావేశం పెట్టి పాలు పూర్తిగా సురక్షితమని ప్రకటించమన్నారు. ప్రకటించాల్సింది నేను.

పాలకేంద్రం వరండాలో సమావేశం. వ్యవసాయాధికారి ఒక కుర్చీలో, నేను ఒక కుర్చీలో. పైవాళ్లు చెప్పమన్న మాటలు చెప్పాను. పరీక్ష సంగతి చెప్పాను. అనుమతి ఉన్న పత్తి చెక్క మన పశువులు ఏళ్లుగా తింటున్నాయని, దాని వల్ల జబ్బు వచ్చిన పశువుని నేను చూడలేదని చెప్పాను. అది నిజం. అనుమతి లేని ఆ గింజ లోపల ఏముందో పరీక్షించిన వాళ్లెవరో నాకు తెలియదని మాత్రం చెప్పలేదు. అది కూడా నిజమే, కానీ చెప్పమని నన్ను పంపలేదు. చివర్లో, "పాలు పూర్తిగా సురక్షితం" అన్నాను. ఒక్క తల కూడా ఊగలేదు.

అప్పుడు పాప తల్లి లేచింది. పిల్ల చంకలో ఉంది, సగానికి సగం చిక్కిపోయి. ఆమె చేతిలో స్టీలు చెంబు, దాని మీద ఉగ్గుగిన్నె బోర్లించి ఉంది.

"డబ్బా పాలు పడితే కక్కేస్తందండీ. పుట్టినకాణ్ణించి తాగింది ఈ రుచే. ఇయ్యి పొద్దున పితికిన పాలు, మా గేదెవే. కాచా" అంది. చెంబు నా ముందు బల్ల మీద పెట్టింది. "సురక్షితం అంటన్నారుగా. మీరు తాగండి."

జనం ముందుకు జరిగారు. నేను గ్లాసు తెప్పించుకుని పోసుకున్నాను. ముక్కు దగ్గరికి రాగానే ఆ దూడ నోరు గుర్తొచ్చింది. పరీక్ష చేశారు, ఏమీ లేదన్నారు, గేదె రక్తంలో కూడా ఇప్పటికి మిగిలి ఉండదు, నాకు తెలుసు. అన్నీ తెలిసినా గ్లాసు ఒక్క క్షణం మూతి దగ్గరే ఆగింది. కళ్లు మూసుకోకుండా తాగాను. అందరూ నా ముఖం వైపు చూశారు. నేను గ్లాసు బల్ల మీద పెట్టి నవ్వాను. వ్యవసాయాధికారి హమ్మయ్య అన్నట్టు వెనక్కి వాలాడు.

ఆమె బెంచీ మీద కూర్చుంది. పిల్లని ఒళ్లో వెల్లకిలా వేసుకుంది. ఉగ్గుగిన్నెలో పాలు పోసి, ఊదింది. పాప వాసన పట్టి నోరు తెరిచి చేతులు ఆడించింది. గిన్నె కొన పాప పెదవికి తగలబోయింది.

"ఆగమ్మా!" అన్నాను.

నా నోట్లోంచి అదెలా వచ్చిందో నాకు తెలియదు. నేను కుర్చీలోంచి లేచి ఉన్నాను. చెయ్యి ముందుకు చాచి ఉంది.

ఆమె గిన్నె వెనక్కి తీసింది. నావైపు కోపంగా చూడలేదు. "మీక్కూడా భయమేగా" అంది, మెల్లగా. ఆమె గిన్నె మా ఇద్దరి మధ్య బల్ల మీద పెట్టింది. నేను దాని వైపు చూస్తూ నిలబడ్డాను. ఒళ్లో పాప మాత్రం ఆకలికి ఏడుస్తూనే ఉంది.